దొంగతనమే జరగని ఇంట్లో దర్యాప్తు

మిర్యాలగూడ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ల కాగితం మీద తొమ్మిది పేజీలు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి, అసలు సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

రాసినాయనకు 42 ఏళ్లు. రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు పిల్లలు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. టీవీలో డిటెక్టివ్ సీరియల్ వస్తే అన్నం కూడా మర్చిపోయే మనిషి. 1993లో దూరదర్శన్‌లో బ్యోంకేశ్ బక్షీ వచ్చినప్పుడు పదేళ్ల పిల్లాడు. హిందీ సగమే అర్థమైనా ఒక్క వారం కూడా వదల్లేదట. ఆ తర్వాత సీఐడీ. ఇప్పుడు సీజన్‌లో మిల్లులో రాత్రి డ్యూటీ పడితే ఫోన్‌లో పోయిరో, కొలంబో, షెర్లాక్.

పెళ్లయ్యేనాటికి ఆయన బామ్మర్దికి పదకొండేళ్లు. ఎండాకాలం సెలవులకు అక్క ఇంటికి వచ్చి, బావ పక్కనే కూర్చుని సీఐడీ చూసేవాడు. ఆటలో బావ ఆ సీరియల్లోని పెద్ద ఆఫీసరు ఏసీపీ ప్రద్యుమన్, తాను తలుపులు పగలగొట్టే ఇన్‌స్పెక్టర్ దయ. ఒకసారి నిజంగానే స్నానాల గది తలుపును భుజంతో గుద్ది గడియ ఊడగొట్టాడు. ఇప్పుడు అతనికి 26 ఏళ్లు. నల్లగొండలో గది తీసుకుని పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు.

మే నెలలో ఈయన కొడుక్కి ధోతి ఫంక్షన్ చేశారు. చుట్టాలందరూ వచ్చారు. మర్నాడు సాయంత్రం చూస్తే, యాసంగి వడ్లు అమ్మి బీరువాలో పెట్టిన 1,60,000 రూపాయలు లేవు. ఈయన మూడు రోజులు దర్యాప్తు చేసి, నాలుగో రోజు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కో ఆధారం చెప్పుకుంటూ వచ్చి బామ్మర్దిని చూపించారు. ఆ రాత్రి అతను బీరువా ఉన్న గదిలోనే పడుకున్నాడు. పదకొండు గంటలకు లేచి బయటికి వెళ్లాడు. చెప్పులకు దొడ్డివైపు పోసిన ఎర్ర మొరం అంటి ఉంది. మూడో రోజుకల్లా చేతిలో కొత్త ఫోను. అడిగితే తడబడ్డాడు. "నేను తీయలే బావా" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. ఫోనుకు ముందు కట్టాల్సిన 5,000 తన పాల పైసల్లోంచి తానే ఇచ్చానని భార్య చెప్పినా ఈయన నమ్మలేదు. తమ్ముణ్ని కాపాడుకుంటోందనుకున్నారు.

ఆగస్టులో ఒకరోజు పొలం ఒడ్డు మీద 76 ఏళ్ల తండ్రి నిజం చెప్పారు. "గా పైసలు నేనే తీసిన బిడ్డా. చెల్లెకిచ్చిన. అల్లునికి తెలిస్తే దాని సంసారం కూలుతది. నేను సచ్చేదాక ఎవ్వలకు చెప్పకు." దేవరకొండలో ఉన్న చెల్లెలు ఒక చిట్టీలో ఎవరికో పూచీ ఉండి ఇరుక్కుంది. అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తామంటున్నారని ఫంక్షన్‌నాడే తండ్రికి చెప్పుకుంది.

భార్య ఇప్పుడు అవసరానికే మాట్లాడుతోంది. బతుకమ్మకు తల్లిగారింటికి వెళ్తానంది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఉత్తరం చివర ఆయన ఇలా అడిగారు: "నాయినకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాల్నా, బామ్మర్ది పేరు నిలబెట్టాల్నా? నేను చూసిన కేసుల్లో ఒక్కటి కూడ ఇట్ల లేదు."

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తొమ్మిది పేజీల్లో ఆరు పేజీలు దర్యాప్తు గురించే. ఎవరు ఏ గదిలో పడుకున్నారు, తాళంచెవి ఏ దేవుడి పటం వెనక వేలాడుతుంది, ఎవరు ఎన్నింటికి లేచారు, అంతా గంటల లెక్కతో రాశారు. బామ్మర్ది గురించి మాత్రం చివర్లో రెండే వాక్యాలు. "చెప్పులు కూడ వేసుకోకుండ పోయిండు. అవి ఇంక మా అరుగు కిందనే ఉన్నయి, మా ఆవిడ వాటిని ఎవ్వరిని ముట్టనియ్యదు." నాకు ఉత్తరమంతా ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. మీకూ అక్కడే గుచ్చుకుంటోంది కాబట్టే రాశారు. అందుకని ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. తప్పు చేశానని తెలిశాక దాన్ని తొమ్మిది పేజీలు చేత్తో రాసి పంపేవాళ్లు తక్కువ.

మొదటి మాట. మీ ఇంట్లో దొంగతనం జరగలేదు.

పొలం మీ నాయిన పేరు మీద ఉందని మీరే రాశారు. పంట ఆయనది, డబ్బు ఆయనది, బీరువా ఆయన ఇంట్లోది. తన డబ్బు తాను తీసి, కష్టంలో ఉన్న కూతురికి ఇచ్చారు. మీకు చెప్పకపోవడం తప్పే. వానాకాలం పెట్టుబడికి ఉంచిన డబ్బు కాబట్టి ఆ తప్పు చిన్నదేం కాదు. కానీ అది దొంగతనం కాదు. బీరువాలో డబ్బు కనబడలేదన్నది నిజం. పోయిందన్నది మీ ఊహ. ఎవరో తీశారన్నది దాని మీద ఇంకో ఊహ. మొదటి దాన్నుంచి మూడోదానికి ఒక్క సాయంత్రంలో వెళ్లిపోయారు. తెల్లారేసరికి 'ఎవరు' అనే ప్రశ్న తప్ప ఇంకేదీ మిగల్లేదు. మూడు రోజుల్లో మీరు పదకొండు మందిని అడిగారు. ఆ డబ్బు అసలు యజమానిని ఒక్కసారి కూడా అడగలేదు.

షెర్లాక్ హోమ్స్ కథల్లో ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. పందెం గుర్రం మాయమవుతుంది. ఆ రాత్రి కుక్క మొరగలేదు. మొరగకపోవడమే హోమ్స్‌కు దొరికిన ఆధారం, ఎందుకంటే వచ్చినవాడు కుక్కకు తెలిసినవాడు. మీ నాయిన ఎలాంటివారో ఉత్తరంలో మీరే రాశారు. ఎరువుల దుకాణంలో పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే మళ్లీ వెళ్లి లెక్క సరిచేసుకొచ్చే మనిషి. అలాంటాయన 1,60,000 కనబడకపోతే మంచం మీద నుంచి లేవలేదు. మీరు స్టేషన్‌లో పిటిషన్ ఇస్తానంటే "ఇంటి పరువు బజార్ల పెడతావ?" అని ఆపారు. ఇన్నేళ్లు ఆ సీరియల్స్ చూసిన మీ కంటికి అది ఎందుకు ఆనలేదు? మీకు తెలివి తక్కువై కాదు. నాయిన వైపు చూడాలని మనసుకే రాలేదు. కన్నతండ్రిని ఎవరు అనుమానిస్తారు?

మీ ఆవిడ మౌనం కూడా అక్కడి నుంచే వచ్చింది. మీరు పొరపాటు పడ్డారన్నది ఆమె బాధలో చిన్న ముక్క. మీ చూపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నది పెద్ద ముక్క. మీ తల్లి, మీ తండ్రి, మీ చెల్లెలు, మీ చిన్నాన్న పిల్లలు, వీళ్లలో ఎవరి మీదా ఒక్క ప్రశ్న కూడా గట్టిగా పడలేదు. పడింది ఆమె తమ్ముడి మీద. పాల పైసలిచ్చానని ఆమె సాక్ష్యం చెబితే అదీ లెక్కలోకి రాలేదు. పదిహేనేళ్లు ఈ ఇంట్లో పొద్దున నాలుగింటికి లేచి గేదెల పాలు పితికిన మనిషి మాట, ఆ రోజు హాల్లో ఒక దొంగ అక్క మాట అయిపోయింది. ఆమె ఇంతవరకు పోట్లాడలేదంటే తేలిగ్గా తీసుకుందని అనుకోకండి.

ఇక మీరు ఇష్టపడే ఆ డిటెక్టివ్‌ల గురించి. మీరు వాళ్లను చూడటం మానేస్తానని రాశారు. అవసరం లేదు. నేనూ ఆ కథలను ప్రేమించే మనిషినే. మా ఇంటి ముందు గదిలో పక్కింటివాళ్లతో కలిసి బ్యోంకేశ్‌ను చూసిన రాత్రులు నాకూ ఉన్నాయి. కానీ అవి ఎలా తయారవుతాయో ఒకసారి ఆలోచించండి. రాసేవాడు ముందు దోషిని ఖాయం చేసుకుంటాడు. ఆ తర్వాత వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఆధారాలు పరుస్తాడు. కాబట్టి టీవీలో చెప్పుకు మట్టి అంటితే దానికి అర్థం ఉండి తీరుతుంది. కొలంబోలోనైతే హంతకుడెవరో మొదట్లోనే మనకు చూపించేస్తారు. పాత రెయిన్‌కోటు వేసుకుని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి "ఇంకొక్క మాట" అని అడిగే ఆ మనిషి అనుమానం ఎప్పుడూ సరైన చోటే నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని అక్కడ నిలబెట్టింది రచయిత. మన ఇళ్లలో ఎవరూ అలా పరిచి పెట్టరు. దొడ్డివైపు మొరం పోసింది మీరే, ఫంక్షన్‌కు నీళ్ల ట్యాంకర్ దిగబడకుండా. ఆ రోజు ఆ ఇంట్లో మొరం అంటని చెప్పు ఉందా?

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీరు చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనక నిలువుగా పడే నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు. వెళ్లిన ప్రతివాళ్లూ వెనక్కి తిరిగి అది ఏ స్తంభం నీడో అని వెతుకుతారు. ఒక్క స్తంభానిది కాదు. స్తంభాల మధ్య నుంచి వేర్వేరు వైపులుగా వచ్చే వెలుతురుకు పడిన నీడలు ఒకదానిలో ఒకటి కలిసి, అచ్చం ఒకే స్తంభం నీడలా నిలబడతాయి. మీ ఐదు ఆధారాలు నాకు అలాగే కనిపించాయి. గదిలో పడుకోవడానికి కారణం వేరు, మిగతా గదుల్లో ఆడవాళ్లు పడుకున్నారు. రాత్రి బయటికి వెళ్లడానికి కారణం వేరు, 26 ఏళ్ల కుర్రాడు ఎవరితోనో ఫోన్ మాట్లాడుకోవాలనుకున్నాడేమో. మట్టికి కారణం వేరు, ఫోనుకు కారణం వేరు. ఐదింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే ఒక మనిషి ఆకారం వచ్చింది. ఆ ఆకారానికి అతని పేరు పెట్టారు.

తడబాటు గురించి విడిగా చెప్పాలి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు" అని హాల్లో అందరి ముందూ అన్నారట. ఆ సామెత మన ఊళ్లలో ఎంతమందికి అన్యాయం చేసిందో లెక్కలేదు. చిన్నప్పటి నుంచి ఏసీపీ అని పిలిచిన బావ, పదకొండు మంది ముందు నువ్వే తీశావంటే ఏ తప్పూ చేయనివాడైనా తడుముకుంటాడు. మన చట్టం ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడిందో చూడండి. శిక్షణ పొందిన పోలీసు అధికారి ముందు మనిషి నేరం ఒప్పుకున్నా, కోర్టులో ఆ ఒప్పుకోలు అతని మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. టీవీలో ప్రతి ఎపిసోడ్ చివర దోషి తలొంచుకుని ఒప్పుకోవడంతో కథ అయిపోతుంది కదా, నిజం కేసులో పోలీసుల ముందు చేసిన ఆ ఒప్పుకోలు ఒక్కదాని మీదే నేరం రుజువు కాదు. భయంతో మనిషి ఏదైనా అనగలడని చట్టం రాసినవాళ్లకు తెలుసు. మీ బామ్మర్ది ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి ధైర్యానికి నా నమస్కారం.

మీ నాయిన పిటిషన్ ఆపడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. పోలీసు ఉద్యోగానికి ఎంపికైతే, తన మీద కేసులేమైనా ఉన్నాయా అని రాసివ్వాలి, ఊళ్లో విచారణ కూడా జరుగుతుంది. అతని పేరు మీద దొంగతనం ఎఫ్ఐఆర్ పడి ఉంటే, తర్వాత నిర్దోషి అని తేలినా దాన్ని ప్రతిచోటా వివరించుకుంటూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు కేసు లేదు. కానీ మాట ఉంది. మీరు ఆ మాట ఊళ్లో ఇద్దరికి చెప్పానన్నారు. ఇద్దరికి చెబితే ఎంతమందికి చేరుతుందో పల్లెలో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్రశ్న. నాయిన మాటా, బామ్మర్ది పేరా అని అడిగారు. ఆ రెండింటినీ కలిపి ముడి వేసింది మీరే. ఆ ముడి విప్పితే అందులో రెండు వేర్వేరు తాళ్లున్నాయి. డబ్బు ఎవరు తీశారన్నది ఒకటి. బామ్మర్ది తీయలేదన్నది ఇంకొకటి. మొదటిది చెప్పొద్దని నాయిన మీతో మాట తీసుకున్నారు. రెండోది చెప్పొద్దని ఎవరూ అనలేదు. టీవీలో రెండూ ఒకేసారి బయటపడతాయి, అసలు దోషి దొరికితేనే మొదటివాడిని వదిలేస్తారు. అందుకే మీకు దారి మూసుకుపోయినట్టు అనిపిస్తోంది. మనుషుల మధ్య అలా ఉండాల్సిన పని లేదు. "నేను పొరపాటు పడ్డాను, వాడు తీయలేదు, ఆ సంగతి నాకు ఖాయంగా తెలిసింది" అని ఈ రోజే చెప్పొచ్చు.

అలా చెబితే ఏమవుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే అదీ తేలికైన దారి కాదు. అన్న మరుక్షణం "మరి ఎవరు?" అంటారు. "తెలుసు, దొంగతనం కాదు, చెప్పే హక్కు నాది కాదు" అని మీరు నిలబడాలి. మీ అమ్మ అడుగుతుంది, చిన్నాన్న అడుగుతాడు, మిల్లులో అడుగుతారు. కొందరు ఊహిస్తారు. ఇంట్లో మనిషే అన్నమాట అని ఎవరో ఒకరు నాయిన దాకా వస్తారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పేరు చెప్పకపోతే, చుట్టరికం చెడిపోకుండా మీరు బామ్మర్దిని వెనకేసుకొస్తున్నారని అనేవాళ్లుంటారు. మాట వెనక్కి తీసుకోవడం పూర్తిగా నమ్మకంగా ఉండాలంటే, డబ్బుకు లెక్క దొరికిందని మీ నాయిన నోటి నుంచే ఒక్క మాట రావాలి.

అందుకని నాకు తోచిన మొదటి మెట్టు మీ నాయినే. ఆయన దగ్గరికి ఫిర్యాదుతో వెళ్లకండి. ఒడ్డు మీద ఆయన చెప్పినప్పుడు మీరు ఏమీ అనలేదని రాశారు, అది మంచిదైంది. ఇప్పుడు మళ్లీ ఆ ఒడ్డు మీదే కూర్చుని, అరుగు కింద ఉన్న చెప్పుల సంగతి చెప్పండి. కూతురి సంసారం కాపాడబోతే కొడుకు సంసారం ఏ స్థితికి వచ్చిందో ఆయనకు పూర్తిగా తెలుసా? కోడలు బతుకమ్మకు వెళ్తే తిరిగొచ్చే రోజు చెప్పలేదన్న సంగతి తెలుసా? నాకు అనుమానం. మగవాళ్లు ఒకే ఇంట్లో ఉంటూ ఇలాంటివి ఒకరికొకరు చెప్పుకోరు. ఆయన్ను అడగాల్సింది పెద్దదేం కాదు. కూతురి పేరు ఎత్తక్కర్లేదు, చిట్టీ సంగతి చెప్పక్కర్లేదు. "పైసలు నేనే వాడిన, నా అవసరానికి. పిల్లగాని మీద మాట పడ్డది, తప్పైంది" అంటే చాలు. తన డబ్బు తాను వాడుకున్నానని చెప్పడానికి 76 ఏళ్ల రైతుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అల్లుడి దాకా కూడా ఏమీ పోదు.

ఒప్పుకోకపోతే? ఒప్పుకోకపోవచ్చు. ఆ వయసులో పరువు అన్నది చర్మంలా ఒంటిని అంటుకుని ఉంటుంది. ఒక వారం ఆగండి. ఆ వారం గడిచాక ఆయన పేరు చెప్పకుండా మీ తప్పు మీరు ఒప్పుకుంటారని, ఆ పని మాత్రం మానలేరని ముందే ఆయనకు చెప్పండి. ఇచ్చిన మాట తప్పినట్టు కాదది. ఆయన రహస్యం మీ దగ్గర భద్రం, మీ తప్పు మాత్రం మీది.

అన్నీ అందరికీ చెప్పేయాలన్న ఆలోచన కూడా మీకు వచ్చింది. దాని వల్ల మీ గుండె బరువు ఒక్క రాత్రిలో దిగుతుంది. ఆ బరువు దేవరకొండలో ఇంకొకరి గుండె మీద పడుతుంది. మీ చెల్లె భర్త ఎలాంటివాడో నాకు తెలియదు, మీకు తెలుసు. ఆమె అప్పు సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఆమె చేతిలోనే ఉండాలి. ఆమెతో మాత్రం మాట్లాడండి. తన వల్ల ఒక కుర్రాడు మాటపడ్డాడని ఆమెకు తెలిసి కూడా ఊరుకుందో, తెలియనే తెలియదో మీ ఉత్తరంలో లేదు. తెలిస్తే తానే ముందుకు రావచ్చు. ఆ చిట్టీవాళ్ల సంగతి కూడా కనుక్కోనా అని అడిగారు. ఆమె రమ్మంటే అన్నగా పక్కన వెళ్లండి. రమ్మనకపోతే వద్దు. ఈ ఏడాదికి మీ ఇంట్లో ఒక దర్యాప్తు చాలు.

మౌనంగా ఉంటే కాలమే సరిచేస్తుందేమో అన్నారు. నేను ఒప్పుకోను. మీ నాయిన కాలం చేసిన రోజున ఆ నిజం తెలిసినవాళ్లలో మీరు, మీ చెల్లెలు మిగులుతారు. అప్పుడు చెబితే చనిపోయిన మనిషి మీద నెట్టారంటారు. చెప్పకపోతే ఆ అబ్బాయి మీ శవయాత్రలో కూడా దొంగగానే నడవాలి. ఇంత కఠినంగా రాస్తున్నందుకు బాధగానే ఉంది, కానీ వాయిదాకు ఉన్న ధర అదే.

మీ ఆవిడకు మొత్తం చెప్పాలా? చెప్పాలనే నా అభిప్రాయం. నాయినతో మాట్లాడాక, ఆమెకు చెప్పబోతున్నానని ఆయనకు తెలియజేసి చెప్పండి. ఆడపడుచు గుట్టు ఆమె చేతికి వస్తుంది, నిజమే. కోపంలో ఎప్పుడైనా నోరు జారే ప్రమాదం ఉంది. కానీ ఒకసారి ఆమె మాట నమ్మకపోవడం వల్లే ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడు నిజం చెప్పకుండా "వాడు కాదులే" అని సర్దేస్తే, రెండోసారి నమ్మనట్టే. ఆమెకు చెప్పేటప్పుడు పాల పైసల మాట మీరే ఎత్తండి. "నువ్వు చెప్పినవు, నేను నమ్మలే" అనండి. ఆ తర్వాత ఆమె ఏడ్చినా, తిట్టినా, లేచి వెళ్లిపోయినా మీరు కారణాలు చెప్పకండి. మొరం, ఫోను, పదకొండు గంటలు, ఏదీ ఎత్తకండి.

బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ కథల్లో బ్యోంకేశ్‌కు డిటెక్టివ్ అనే మాట నచ్చదు. తనను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. అతని పెళ్లి ఎలా జరిగిందో గుర్తుందా? ఒక హత్య కేసులో సత్యవతి అనే అమ్మాయి అన్నయ్య మీద అనుమానం పడుతుంది. ఆధారాలన్నీ అతన్నే చూపిస్తాయి. బ్యోంకేశ్ ఆ ఆధారాల దగ్గర ఆగకుండా ఇంకా తవ్వి, అతను నిర్దోషి అని నిలబెడతాడు. తర్వాత సత్యవతినే పెళ్లి చేసుకుంటాడు. అంటే అతను కాపాడింది కాబోయే బామ్మర్దినే. మీరు పదేళ్ల వయసు నుంచి ఇష్టపడ్డ మనిషి చేసిన పని అది. మీకు ఆ పని ఇప్పటికీ మిగిలే ఉంది.

హోమ్స్ కూడా ఒక కేసులో పూర్తిగా తప్పు లెక్క వేస్తాడు. నార్‌బరీ అనే ఊళ్లో. ఎప్పుడైనా తన తెలివి మీద తనకు మరీ నమ్మకం పెరిగినట్టు కనిపిస్తే, చెవిలో "నార్‌బరీ" అనమని స్నేహితుడు వాట్సన్‌కు చెబుతాడు. దోషిని పట్టుకున్న కథల కంటే నాకు ఆ కథంటే ఎక్కువ ఇష్టం.

బామ్మర్ది దగ్గరికి ఎలా వెళ్లాలన్నది మిగిలింది. ఫోన్‌లో వద్దు, మీ నంబరు అతను ఎత్తడం లేదని రాశారు కూడా. ముందు మామ, అత్తల దగ్గరికి వెళ్లి రాయబారం నడపకండి. మాటపడింది అతను, మొదటి మాట అతనికే దక్కాలి. డబ్బు, బట్టలు, ఫోను, ఏదీ తీసుకెళ్లకండి. ఇచ్చినట్టు ఉండదు, కొన్నట్టు ఉంటుంది. పొద్దున ఐదున్నరకు ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేస్తాడని రాశారు. పోలీసు ఉద్యోగానికి 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. మధ్యలో పిలవకండి. మిమ్మల్ని చూసి పరుగు ఆపినా, చూడనట్టు ఇంకో రౌండు వేసినా ఆ గట్టు దగ్గరే ఉండండి. ఆగినప్పుడు ఊపిరి తీసుకోనివ్వండి. ఆ తర్వాత "నువ్వు తీయలేదని నాకు తెలిసింది. నాకు ముందే తెలిసి ఉండాల్సింది. అందరి ముందు అన్న, అందరి ముందే తప్పైందని అంట, నువ్వు వచ్చినా రాకున్నా" అనండి. చివరి మాట ముఖ్యం. అదే హాల్లో, అదే మనుషుల ముందు మాట వెనక్కి తీసుకోండి. అతన్ని మళ్లీ ఆ గదిలో నిలబెట్టాలని మాత్రం పట్టుపట్టకండి. ఊళ్లో చెప్పిన ఆ ఇద్దరి ఇళ్లకు కూడా మీరే నడిచి వెళ్లండి.

అతను క్షమించకపోవచ్చు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న కుర్రాడు, ఏదైనా గట్టిగానే అనొచ్చు. ఒక ఏడాది మీ ఇంటి గడప తొక్కకపోవచ్చు. ఆ హక్కు అతనికుంది. దయ పాత్ర వేసినవాడు కదా అని మీరు నవ్వించి చనువు తెచ్చుకోబోకండి. ఆ పాత ఆట మళ్లీ ఎప్పుడైనా మొదలైతే అతని నోటి నుంచే మొదలవ్వాలి.

ఇక చెప్పులు. నల్లగొండ బస్సెక్కే ముందు రోజు, ఆ చెప్పులు వాడికి ఇచ్చి రావచ్చా అని మీ ఆవిడను అడగండి. వద్దంటే అక్కడే ఉండనివ్వండి, వట్టి చేతులతో వెళ్లండి. సరేనంటే, ఆ మొరం మీ చేత్తోనే కడిగి, రాత్రంతా అరుగు మీద ఆరబెట్టి, పొద్దున సంచిలో పెట్టుకుని తొలి బస్సుకు బయల్దేరండి.